ఆ ఒక్క మాట కొట్టేశాను

అనంతపురం

నాయనా,

నీ రాతప్రతి పోయిన గురువారం చేరింది. ఆ రాత్రే భోజనం చేసి కూర్చుని ఒక్క బిగిన చదివాను. మళ్లీ పొద్దున్నే పెన్సిలు పట్టుకుని చదివాను. నీలం సంజీవరెడ్డి గారి జీవితం మీద మన సీమ కుర్రవాడొకడు ఇంత ఓపికగా కూర్చున్నాడంటే నాకు కడుపు నిండినట్టుంది. నీ వాక్యం శుభ్రంగా ఉంది. తేదీలు దగ్గర పెట్టుకున్నావు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా. పనికిరాని రాత అయితే నాలుగు మంచి మాటలు చెప్పి ఊరుకునేవాణ్ణి.

మొదటి పేజీ మొదటి వాక్యంలో "రాయలసీమ కన్న మితవాద నేత" అన్నావు. అందులో 'మితవాద' అన్న మాట కొట్టేశాను. అది పూర్తిగా తప్పని కాదు. ఆ చోటులో ఉండకూడదని.

ఆ మాటకు తెలుగులో ఒక్క అర్థం లేదు. గోఖలే కాలంలో మితవాది అంటే అర్జీల మీద నమ్మకం పెట్టుకున్నవాడు. తిలక్ వైపు వాళ్లు అతివాదులు. 1969 నాటికి అదే మాట కాంగ్రెస్ పాత పెద్దలకు అంటుకుంది. కామరాజ్, నిజలింగప్ప, ఎస్.కె. పాటిల్, అతుల్య ఘోష్, సంజీవరెడ్డి, వీళ్లందర్నీ ఒక్క మూటగట్టి పత్రికలు సిండికేట్ అన్నాయి. అవతలి పక్షం వాళ్లు అభివృద్ధి నిరోధకులు అన్నారు. స్వతంత్ర పార్టీనీ మితవాద పార్టీ అనే అన్నాం. ఆ స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడు ఎన్.జి. రంగా. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో ఆ రంగాగారిని ఓడించింది ఎవరు? సంజీవరెడ్డే. రంగాగారు కాంగ్రెస్ వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నది ఆ తర్వాతే. పోట్లాడి చెరో దారి పట్టిన ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తున్న మాటను నువ్వు మొదటి వాక్యంలో పెడితే, చదివేవాడు చివరి పేజీ దాకా దాన్ని పట్టుకునే వేలాడతాడు.

ఆయన చేసిన పనులు రెండు చెబుతాను. రెండూ నీ రాతలో ఉన్నాయి గానీ చెరి అర పేజీలో ముగిశాయి.

ఒకటి బస్సుల సంగతి. ప్రైవేటు బస్సులను ప్రభుత్వం తీసుకోవడం మితవాది చేసే పనేనా? ముఖ్యమంత్రిగా ఆయన ప్రభుత్వం చేసిన పని అదే. కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేసే పథకం పెట్టారు. జిల్లాల వరుస మార్చి కర్నూలును ముందుకు తెచ్చారని, అది కేవలం రాజకీయంగా తనకు ఎదురు నిలిచినవాళ్ల బస్సులను దెబ్బతీయడానికేనని ఆపరేటర్లు కోర్టుకెక్కారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1964లో తీర్పు వచ్చింది. "సుప్రీంకోర్టు వ్యాఖ్యల వల్ల రాజీనామా చేశారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ తీర్పు నువ్వు చదవలేదని ఆ వాక్యమే చెబుతోంది. తెప్పించుకుని చదువు. అందులో ముఖ్యమంత్రి కక్ష రుజువైందని ఎవరూ సాక్షిని పెట్టి తేల్చలేదు. పేరు పెట్టి, ఊరు పెట్టి ఆరోపణలు చేస్తే, ముఖ్యమంత్రి స్వయంగా ఒక అఫిడవిట్ వేసి "ఇది అబద్ధం" అని చెప్పలేదు. ఆయన తరఫున ఎవరో అధికారి చెబితే సరిపోదంది కోర్టు. జవాబు రాని ఆరోపణను నిజంగానే తీసుకోవాల్సి వస్తుందని చెప్పి పథకాన్ని కొట్టేసింది. దిగిపొమ్మని ఏ కోర్టూ చెప్పలేదు. ఆయనే దిగిపోయారు.

ఇక్కడ ఆగి ఒక రోజు కూర్చో నాయనా. ఒక్క కాగితం మీద సంతకం పెట్టని మౌనం ఎలాంటిది? అహమా, నిర్లక్ష్యమా, నిజం ఒప్పుకోలేకా? మళ్లీ అదే మనిషి, ఎవరూ అడగకముందే కుర్చీ దిగడం ఏమిటి? ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. ఒకదాన్ని దాచి రెండోదాన్ని పొగిడితే అది సన్మాన పత్రం అవుతుంది. రెండోదాన్ని దాచి మొదటిదాన్ని ఎత్తి చూపితే ఎన్నికల కరపత్రం అవుతుంది. ఆ రెండు రకాల పుస్తకాలకూ మన జిల్లాల్లో ఏ కాలంలోనూ కరువు లేదు.

రెండోది పూరీ శంకరాచార్యుల వ్యవహారం. 1969లో పట్నాలో జరిగిన ఒక హిందూ ధార్మిక సమ్మేళనంలో ఆ స్వామివారు అంటరానితనాన్ని సమర్థించారన్న వార్త వచ్చి లోక్‌సభలో పెద్ద దుమారం రేగింది. ఏప్రిల్ 2న సావధాన తీర్మానం మీద సభ్యులు ఘాటుగా మాట్లాడారు. స్పీకర్ కుర్చీలో సంజీవరెడ్డి. స్వామివారి శిష్యులకు ఒళ్లు మండి, తమ గురువును అవమానించారని స్పీకర్ మీద, హోంమంత్రి చవాన్ మీద, మరి కొందరు సభ్యుల మీద 26,000 రూపాయలకు పరువు నష్టం దావా వేశారు. 1970లో సుప్రీంకోర్టు ఆ దావా చెల్లదంది. పార్లమెంటులో సభ్యుడు మాట్లాడిన ఏ మాట మీదా కోర్టులో దావా పడదని, రాజ్యాంగంలో 'ఏదైనా' అన్న మాటకు 'అన్నీ' అనే అర్థమని తేల్చింది. సభలో మాట్లాడే స్వేచ్ఛ గురించి ఈరోజుకీ లాయర్లు ఎత్తి చూపే తీర్పు అది. ఆ తీర్పు పేరులో మన ఇల్లూరు రైతుబిడ్డ పేరు ఉంది, చూడు. షెడ్యూల్డ్ కులాల, తెగల సంక్షేమానికి పార్లమెంటు కమిటీ ఏర్పడింది కూడా ఆయన స్పీకరుగా ఉన్నప్పుడే. మరి మఠాధిపతి శిష్యులు దావాకు లాగిన మనిషిని ఏ లెక్కన ఛాందసుడు అందాం?

ఇవన్నీ చెప్పి ఆయన అభ్యుదయవాది అనడం నా ఉద్దేశం కాదు. ఆయన పాతకాలపు మనిషి. పద్ధతి మీద, వరుస మీద, పెద్దరికం మీద నమ్మకం ఉన్న మనిషి. గొడవ కంటే క్రమం ముఖ్యమనుకున్న మనిషి. కాబట్టి ఆయన ఏ వాదం అని అడగొద్దు. దేన్ని కాపాడాలని చూశాడో అడుగు. మితవాదిని ఇంగ్లీషులో కన్సర్వేటివ్ అంటారు, కాపాడటమే కదా ఆ ఇంగ్లీషు మాటకు మూలం. స్పీకరుగా తాను పార్లమెంటుకు కావలివాడినని ఆయనే చెప్పుకున్నారు. కావలి అంటే ఏమిటో మన పల్లెల్లో పుట్టినవాడికి విడమరచి చెప్పక్కర్లేదు. మంచె ఎక్కి రాత్రంతా మేలుకునేవాడికి చేను మీద హక్కు ఉండదు. పంట ఇంటికి చేరేదాకా బాధ్యత మాత్రం ఉంటుంది. నీ పుస్తకం మొత్తాన్ని ఈ ఒక్క మాట మీద నడిపించు. ఎక్కడ కావలి కాశాడు, ఎక్కడ నిద్రపోయాడు, ఎక్కడ కావలి వదిలి వేరే చేను వైపు చూశాడు. జీవితం అంతా ఆ మూడింట్లో దొరుకుతుంది.

1967 మార్చిలో హిందూపురం నుంచి గెలిచి ఢిల్లీ పోయి స్పీకరైన వెంటనే ఆయన కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. స్పీకర్ సభ మొత్తానికీ చెందినవాడని. రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజునే అవిశ్వాస తీర్మానాన్ని అనుమతించారు. ఇదీ కావలి కాయడం. రెండున్నరేళ్లు తిరక్కుండానే, 1969 జూలై 19న, ఆ కుర్చీ దిగి కాంగ్రెస్ తరఫున రాష్ట్రపతి పదవికి పోటీకి దిగారు. కుర్చీ కోసం పార్టీని వదిలినాయన, ఆ పార్టీ ఇచ్చిన టికెట్టు కోసం కుర్చీని వదిలారు. ఇందులో నాకు ఇప్పటికీ మనసు కుదుటపడని సంగతి ఉంది. నువ్వు దాన్ని గమనించనే లేదు. అదే రోజు 14 బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. ఆ తేదీని నువ్వు రెండు వేర్వేరు పేజీల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు రాశావు. రెంటినీ ఒక పేజీలోకి తీసుకురా. ఇంకేమీ వ్యాఖ్యానించక్కర్లేదు. ఆ రోజు ఢిల్లీలో గాలి ఎటు వీస్తోందో చదివేవాడికే తెలిసిపోతుంది.

ఆ ఎన్నిక గురించి నీ రాత బాగుంది గానీ తొందరపడ్డావు. అంతరాత్మ చెప్పినట్టు ఓటు వేయండని ఇందిరాగాంధీ కాంగ్రెస్ వాళ్లకు చెప్పిన ఆ 'అంతరాత్మ ప్రబోధం' అన్న మాట దగ్గరే ఆగిపోయావు. అందరికీ తెలిసిన ముచ్చట అది. అంకెల్లోకి పో. మొదటి ప్రాధాన్య ఓట్లలో, ఇండిపెండెంటుగా నిలబడిన వి.వి. గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ సగం దాటలేదు. అప్పుడు రెండో ప్రాధాన్యం లెక్క మొదలైంది. దేశ్‌ముఖ్ జనసంఘ్, స్వతంత్ర పార్టీల అభ్యర్థి. ఆ పార్టీల రెండో ఓటు సంజీవరెడ్డికి పడేట్టు చూడమని కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప వాళ్లతో మాట్లాడారు. ఇందిరాగాంధీకి దొరికిన ఆయుధం అదే. మితవాది అన్న ముద్ర సంజీవరెడ్డి మీద గట్టిగా పడింది అక్కడే. ఆయన చేసిన చట్టం వల్లనో, చెప్పిన మాట వల్లనో కాదు, ఎవరి రెండో ఓటు కోసం ఎవరు ఎవరి గుమ్మం ఎక్కారన్న దాని వల్ల. చివరి లెక్క గిరిగారికి 4,20,077, ఈయనకు 4,05,427. చూడు, లక్ష తేడాకు దగ్గరగా మొదలై పద్నాలుగు వేల చిల్లర దగ్గర ఆగింది. ఓట్ల విలువలు ఇవి, మనుషుల తలలు కాదు, ఆ సంగతి పాఠకుడికి ఒక వాక్యంలో చెప్పు.

ఇక నన్ను బాగా బాధపెట్టింది జైలు పేజీ. "అమరావతి జైలులో నిర్బంధించారు" అని రాసి ఊరుకున్నావు. చదివినవాడు కృష్ణా ఒడ్డున అనుకుంటాడు. అది విదర్భలోని అమరావతి, ముందు ఆ మాట చేర్చు. అంతకంటే పెద్దది, ఆ జైల్లో 1942 నుంచి 1945 దాకా ఆయనతో ఎవరెవరు ఉన్నారో నువ్వు రాయలేదు. ప్రకాశం పంతులు ఉన్నారు. సత్యమూర్తి ఉన్నారు. కామరాజ్ ఉన్నారు. వి.వి. గిరి ఉన్నారు. ఇంకేం కావాలి నీకు! పదకొండేళ్ల తర్వాత ఏ ప్రకాశం పక్కన ఉపముఖ్యమంత్రిగా కూర్చున్నాడో ఆ ప్రకాశం, పాతికేళ్ల తర్వాత ఏ కామరాజ్‌తో కలిపి సిండికేట్ అనిపించుకున్నాడో ఆ కామరాజ్, ఏ గిరి చేతిలో ఓడిపోయాడో ఆ గిరి, అందరూ ఒకే జైలు గోడల మధ్య ఉన్నారు. వాళ్లు లోపల ఏం మాట్లాడుకున్నారో మనకు తెలియదు. తెలియనిదాన్ని కల్పించి సంభాషణలు పెట్టావంటే నీ ఉత్తరం మళ్లీ తెరవను. పేర్లు వరసగా పెట్టి వదిలెయ్. 1969 అధ్యాయానికి వచ్చినప్పుడు చదివేవాడే వెనక్కి తిప్పి చూసుకుంటాడు.

బంధుత్వాల దగ్గర కూడా అంతే. 1952 ఎన్నికల్లో ఆయనను అనంతపురంలో ఓడించింది తరిమెల నాగిరెడ్డి, కమ్యూనిస్టు. దగ్గరి బంధువులు. ఇల్లూరు గార్లదిన్నె మండలంలో ఉంటే తరిమెల పక్కనున్న శింగనమల మండలంలో ఉంది. ఒకే నేల, ఒకే కరువు, ఒకే రకం ఇళ్లు, పెళ్లిళ్లకు ఒకే బంతిలో కూర్చునే మనుషులు. ఒకరు దేశానికి రాష్ట్రపతి అయ్యారు, ఇంకొకరు అసెంబ్లీని వదిలి విప్లవం దారి పట్టారు. దీన్ని నువ్వు "బంధువుల పోరు" అని ఉపశీర్షిక పెట్టి సినిమా చేశావు. వద్దు. ఆ ఇద్దర్నీ వేరు చేసింది ఏమిటో ఆలోచించు. ఇద్దరూ చట్టసభలోకి వెళ్లినవాళ్లే. ఒకరికి సభ మీద నమ్మకం చివరిదాకా నిలిచింది. ఇంకొకరికి ఆ సభలోనే కూర్చుని ఆ నమ్మకం పోయింది. సంజీవరెడ్డి కాపాడింది ఏమిటో తెలియాలంటే నాగిరెడ్డి వదిలేసింది ఏమిటో తెలియాలి. ఆయన గురించి రాసేటప్పుడు ఈయన్ను చిన్నబుచ్చొద్దు. ఈయన గురించి రాసేటప్పుడు ఆయన్ను తూలనాడొద్దు.

కర్నూలు అధ్యాయం నీ రాతలో అన్నిటికంటే మేలు. నీ ఊరు కాబట్టి చెయ్యి తిరిగింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, గుడారాల్లో ఆఫీసులు, ప్రకాశం ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. అన్నీ వచ్చాయి. ఒక్కటి చేర్చు. 1954 నవంబరులో ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది కదా, మద్యనిషేధం గొడవ మీద. కల్లుగీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న నిలబడ్డారు. నిషేధం ఎత్తేయమన్న రామమూర్తి కమిటీ సిఫారసును ప్రభుత్వం ఒప్పుకోలేదు. మద్రాసు ప్రభుత్వంలో 1949 నుంచి 1951 దాకా మద్యనిషేధ శాఖ చూసిన మంత్రి ఎవరు? సంజీవరెడ్డే. ఈ రెండు సంగతులూ నీ పుస్తకంలో ముప్పై పేజీల దూరంలో ఉన్నాయి. పక్కపక్కన పెట్టు.

అక్కడే ఇంకో ముల్లు ఉంది. నువ్వు సీమ బిడ్డవు, దాన్ని తప్పించుకుని పోలేవు. 1937 శ్రీబాగ్ ఒడంబడిక మీద ఆశ పెట్టుకుని కోస్తావాళ్లతో కలిశాం. దాని పుణ్యాన కర్నూలుకు రాజధాని వచ్చింది. మూడేళ్లకే, 1956 నవంబరు 1న అది హైదరాబాదుకు పోయింది. ఆ రోజు ప్రమాణం చేసిన ముఖ్యమంత్రి మన అనంతపురం మనిషి. అంతకుముందు ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం మీద ఆంధ్ర తరఫున సంతకం పెట్టిన నలుగురిలో ఆయన ఒకరు. విశాలాంధ్ర కోసం సీమ తన రాజధానిని వదులుకుంది, ఆ వదులుకున్న చెయ్యి సీమ చెయ్యే. నా తరం వాళ్లకు ఇది ఇంట్లో చావు లాంటి మాట. నీకు ఎలా అనిపిస్తుందో నాకు తెలియదు. అనిపించింది రాయి, కానీ ఆ సంతకం రాయకుండా మాత్రం ఉండొద్దు. శ్రీశైలం జలాశయానికి ఆయన పేరు పెట్టారని గర్వంగా రాశావు, బాగుంది. ఆ నీళ్ల కోసం మనూళ్లు ఎన్నేళ్లు ఎదురుచూశాయో అదే పేజీలో రాయి.

పెద్దమనుషుల ఒప్పందం అన్నాను కాబట్టి, నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. నీ వయసులో ఉన్నప్పుడు ఒక పత్రికకు సంజీవరెడ్డి మీద వ్యాసం రాశాను. ఉపముఖ్యమంత్రి పదవి తెలంగాణకు ఇవ్వాలన్నది ఆ ఒప్పందంలో ఉంది, ఆయన ఇవ్వలేదు, ఆ పదవి చేతికి ఆరో వేలు లాంటిదన్నారు అని అందరూ చెప్పుకునే మాట నీకూ తెలుసు. నేను ఒక అడుగు ముందుకేసి "అసెంబ్లీలో నిండుసభలో అన్నారు" అని రాశాను. టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన చెప్పింది నమ్మి. వ్యాసం అచ్చయిన వారానికి ఒక కార్డు వచ్చింది. పేరు లేదు, అందమైన చేతిరాత. "ఏ సంవత్సరం, ఏ తేదీ, ఎవరి ప్రశ్నకు జవాబుగా?" అంతే, ఒక్క వాక్యం. నా దగ్గర జవాబు లేదు. ఆ కార్డు పట్టుకుని రెండు నెలలు లైబ్రరీల చుట్టూ తిరిగాను. సభా కార్యక్రమాల సంపుటాలు అట్టలు ఊడిపోయి, పేజీలు చెదలు తిని ఉన్నాయి. నాకు ఆ మాట కనబడలేదు. కనబడలేదంటే అనలేదని కాదు, నేను రాసిన చోట అన్నారని చెప్పే హక్కు నాకు లేదని. మరుసటి నెల దిద్దుబాటు వేయమని నేనే అడిగాను. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. అంచులు పసుపుపచ్చగా మారాయి, సిరా మాత్రం వెలవలేదు.

ఆ మాట నువ్వూ రాశావు, పదకొండో పేజీలో, కొటేషన్లలో పెట్టి. కొటేషన్లు తీసెయ్. "అన్నారని చెప్పుకుంటారు" అని రాయి. దాని పక్కనే, ఆ పదవిని ఆయన స్వయంగా రెండుసార్లు చేశారని రాయి, ప్రకాశం కింద ఒకసారి, బెజవాడ గోపాలరెడ్డి కింద ఒకసారి. ఆరో వేలుగా ఉండటం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి అని పాఠకుడికి అర్థమవుతుంది, నువ్వు చెప్పక్కర్లేకుండానే.

1977 నంద్యాల గురించి నువ్వు రాసింది చదివి నా కళ్లు చెమర్చాయి. నేను అప్పుడు కాలేజీ చదువుతూ నంద్యాలలో మా అక్కావాళ్ల ఇంట్లో ఉన్నాను. గోడల నిండా ఒక పక్క ఆవూదూడ, ఇంకో పక్క చక్రంలో నాగలి పట్టిన రైతు. సున్నం మీద ఎర్రమన్నుతో గీసినవి. ఫలితాలు వచ్చే రోజు బస్టాండు దగ్గర టీకొట్టాయన తలుపు చెక్క మీద సుద్దముక్కతో రాష్ట్రంలో ఒక్కో సీటుకు ఒక్కో గీత పెడుతూ పోయాడు. రేడియో చెప్పడం, ఆయన గీత గీయడం. కాంగ్రెస్, కాంగ్రెస్, కాంగ్రెస్. గీతలు తలుపు దాటి చట్రం మీదికి ఎక్కాయి. నంద్యాల వచ్చేసరికి ఆయన గీత గీయలేదు. సున్నా చుట్టాడు, చుట్టి సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. 42లో 41 కాంగ్రెస్‌వి, ఆ ఒక్కటీ జనతాది. పెండేకంటి వెంకటసుబ్బయ్య లాంటి గట్టి మనిషి మీద గెలుపు. దేశమంతా ఒక వైపు, రాష్ట్రమంతా ఇంకో వైపు, రాష్ట్రంలో నంద్యాల ఒక్కటే దేశం వైపు. ఎందుకు అని ఆ రోజు నేను నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వచ్చాయి. ఎమర్జెన్సీ అన్నాడొకడు. మా జిల్లాలో డోన్ నుంచి ఒకప్పుడు ఎమ్మెల్యే కదా, కొత్తవాడేం కాదు అన్నాడొకడు. పెద్దరికం అన్నాడొకడు. నాలుగోవాడు ఏమీ చెప్పకుండా టీ తాగి వెళ్లిపోయాడు. నువ్వు "ప్రజలు నియంతృత్వాన్ని తిరస్కరించారు" అని తేల్చేశావు. మరి మిగతా 41 చోట్ల ప్రజలు ఏం చేసినట్టు? ఆ వాక్యం తీసెయ్.

అక్కణ్ణుంచి నాలుగు నెలల్లో ఆయన ఎక్కిన మెట్లు త్వరగా దాటించు. మార్చి 26న మళ్లీ స్పీకరు, ఏకగ్రీవంగా. జూలైలో రాష్ట్రపతి పదవికి 37 నామినేషన్లు వస్తే 36 చెల్లలేదు, పోటీ లేకుండా ఎన్నిక. జీతంలో 70 శాతం వదులుకుంటానన్న ప్రకటన. ఇవన్నీ ఒక పేజీ చాలు. ఎనిమిదేళ్ల కిందట పద్నాలుగు వేల చిల్లరతో పోయిన కుర్చీ ఓటే పడకుండా వచ్చింది. ఆ వాక్యం రాసి ముందుకు పో.

ఆగాల్సింది 1979 ఆగస్టు దగ్గర. నీ పుస్తకానికి గుండెకాయ అక్కడుంది. నువ్వేమో "రాజ్యాంగ సంక్షోభాన్ని సమర్థంగా ఎదుర్కొన్నారు" అని అధికారిక జీవితచరిత్ర భాష వాడావు. ఏం జరిగిందో రోజు రోజుగా రాయి. జూలై 15న మొరార్జీ రాజీనామా. జూలై 28న చరణ్‌సింగ్ ప్రమాణం, సభలో మెజారిటీ చూపాలన్న షరతు మీద. ఇందిరా కాంగ్రెస్ మద్దతు తీసేసింది. సభ ముఖం చూడకుండానే ఆగస్టు 20న చరణ్‌సింగ్ రాజీనామా. నాకు బలం ఉంది, పిలవండి అని జనతా తరఫున జగ్జీవన్‌రామ్. ఆగస్టు 22న రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేశారు. జగ్జీవన్‌రామ్‌ను పిలవలేదు. ఒక దళిత నాయకుడికి ప్రధాని అయ్యే అవకాశం ఆ రోజు చేజారింది. ఫిరాయింపులతో ఇంకో ప్రభుత్వం నిలబడేది కాదని, ప్రజల దగ్గరికి పోవడమే మేలని ఆయన వైపు నుంచి చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ వాదనలో బలం లేకపోలేదు, అప్పటికి సభ్యులు అటూ ఇటూ దూకుతున్న తీరు చూస్తే. అది కూడా పూర్తిగా రాయి. తన రాష్ట్రపతి కాలం మీద ఆయన ఇంగ్లీషులో 1989లో పుస్తకం తెచ్చారు. దాన్నీ చదువు, ఆయన గొంతు ఆయనదే వినిపించు.

కానీ నాయనా, నా మనసులో మాట చెబుతాను. 1954లో ఒక్క ఓటుతో ప్రభుత్వం పడటం సభలో కూర్చుని చూసిన మనిషి ఆయన. ఎవరి బలం ఎంతో సభలోనే తేలాలని రెండుసార్లు స్పీకర్ కుర్చీలో కూర్చుని చెప్పిన మనిషి. ఆ రోజు లెక్క సభలో తేలనివ్వలేదు. కావలివాడు చేనుకు తాళం వేశాడు. ఆయన మీద నాకున్న గౌరవం ఎంతో నీకు తెలుసు, అయినా నలభై ఏళ్లకు పైగా ఈ ఒక్కచోట నాకు ఆయనతో పేచీ. నువ్వు నాతో ఏకీభవించాలని లేదు. నీ తీర్పు నువ్వు చెప్పు. తీర్పు చెప్పకుండా 'సమర్థంగా' అన్న మాట చాటున దాక్కోవడం మాత్రం ఒప్పుకోను.

ఇక చివరిగా, నీ రాతలో అన్నిటికంటే పలచగా ఉన్నచోటు గురించి. 1971లో హిందూపురంలో ఓడిపోయాక 1975 మే 1న హైదరాబాదులో జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి వేదిక ఎక్కేదాకా నాలుగేళ్లు. నువ్వు మూడు వాక్యాలు రాశావు: ఓడారు, ఇల్లూరు వచ్చారు, వ్యవసాయం చేసుకున్నారు. ఒక రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి, కాంగ్రెస్ అధ్యక్షుడు, లోక్‌సభ స్పీకరు అయిన మనిషి యాభై ఎనిమిదేళ్ల వయసులో, ఇక అంతా అయిపోయిందని లోకం అనుకున్నప్పుడు, పొద్దున్నే లేచి ఏం చేశాడు? వాన రాని ఏడు ఏం చేశాడు? పక్కూరి నుంచి పంచాయితీకి ఎవరైనా వచ్చారా? పత్రికలు వచ్చేవా, ఏ బస్సుకు వచ్చేవి? ఇవి ఏ లైబ్రరీలోనూ దొరకవు. అక్కడి పెద్దవాళ్లలో గుర్తున్నవాళ్లు ఇంకెంతమంది ఉంటారో. 1971లో ఇరవై ఏళ్లవాడికి ఇప్పుడు డెబ్బై దాటాయి.

శెనక్కాయ పీకే రోజుల్లో వెళ్దాం. అప్పుడైతే జనం పొలాల దగ్గర దొరుకుతారు, పని చేసుకుంటూ మాట్లాడతారు, మాట దాచుకోరు. నువ్వు నంద్యాల నుంచి రైలెక్కి గుత్తిలో దిగు, అక్కణ్ణుంచి బస్సులో గార్లదిన్నెకు రా. నేను ఇక్కణ్ణుంచి పొద్దున బండికి వచ్చి రోడ్డు మీద నీకోసం నిలబడతాను. ఫోనులో రికార్డు చేయడం వద్దు, ఆ పెద్దవాళ్లు దాన్ని చూస్తే బిగుసుకుపోతారు. మంచి నోటుపుస్తకం ఒకటి, రెండు పెన్నులు తెచ్చుకో. రాతప్రతి దిద్దుబాట్లతో సహా ఆ రోజే నీ చేతికిస్తాను.

ఆశీస్సులతో,

మీ పెద్దనాయన